వజ్రానికి అంటిన రక్తం

వజ్రమనగానే తెలుగువారికి గోల్కొండ స్ఫురిస్తుంది. కృష్ణాతీరాన ఉన్న కొల్లూరు గని రాళ్లు దేశదేశాల ప్రభువుల ఆభరణాలలో వెలిగాయని మనం గర్వంగా చెప్పుకుంటాము. అయితే పదిహేడవ శతాబ్దంలో ఆ గనిని స్వయంగా చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ సుమారు 60 వేలమంది పనిచేసేవారనీ, పురుషులు త్రవ్వుతూ ఉంటే స్త్రీలూ పిల్లలూ మట్టి మోసేవారనీ వ్రాశాడు. వజ్రాలను ధరించిన ప్రభువుల పేర్లు చరిత్రకెక్కినవి. మట్టి మోసినవారి పేర్లు ఎక్కలేదు. రాతిని చూచి మనిషిని మరచే ఈ అలవాటు ఎంతటి దారుణానికి దారితీయగలదో ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దంలో ఆఫ్రికా ఖండంలో రుజువైంది.

వజ్రాలు అన్నిచోట్లా లోతైన గనులలోనే దొరకవు. కొన్ని ప్రాంతాలలో వాననీరూ ఏరులూ వాటిని కొట్టుకువచ్చి పైమట్టిలో, ఇసుకలో చేరుస్తాయి. తొలకరి వానలు పడగానే మన జొన్నగిరి, వజ్రకరూరు పొలాలలో జనం వజ్రాల కోసం వెదకడం మనమెరిగినదే. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో వజ్రాలు ఎక్కువగా ఇట్టి నేలలలోనే లభిస్తాయి. త్రవ్వడానికి పారా, జల్లెడా చాలు. కనుక ఆ నేల ఎవరి తుపాకి క్రింద ఉంటే సంపద వారిదే. గుప్పెడు రాళ్లు జేబులో వేసుకొని సరిహద్దు దాటవచ్చు. వాటి మీద పుట్టిన ఊరి పేరు ఉండదు.

1991 మార్చిలో ఆ దేశంలో ఫోడే సాంకో నాయకత్వాన తిరుగుబాటు మొదలైంది. తిరుగుబాటుదారులు కోనో ప్రాంతపు వజ్రక్షేత్రాలను పట్టుకొని, గ్రామస్థులచేత బలవంతంగా త్రవ్వించారు. ఆ రాళ్లు పొరుగున ఉన్న లైబీరియాకు చేరేవి. బదులుగా ఆయుధాలు వచ్చేవి. లైబీరియా తన గనుల శక్తిని ఎన్నో రెట్లు మించి వజ్రాలను ఎగుమతి చేసినట్లు లెక్కలు కనబడుతున్నా, కొనేవారు ప్రశ్నించలేదు. పసిపిల్లల చేతికి తుపాకులిచ్చారు. ప్రజలను భయపెట్టడానికి వేలాదిమంది చేతులు నరికారు. 2002 జనవరిలో యుద్ధం ముగిసేనాటికి సుమారు 50 వేలమంది మరణించారని అంచనా. తిరుగుబాటుదారులకు తోడ్పడిన నేరానికి లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో ప్రత్యేక న్యాయస్థానం 50 సంవత్సరాల శిక్ష విధించింది. వజ్రాలకు ప్రతిగా ఆయుధాలు అందిన సంగతి ఆ విచారణలో వెల్లడైంది.

అంగోలాలోనూ ఇదే కథ జరిగినందున ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1998లో అక్కడి తిరుగుబాటుదారుల వజ్రాలపైన, 2000లో సియెర్రా లియోన్ ముడి వజ్రాలపైన ఆంక్షలు విధించింది. తరువాత 2003 జనవరి 1 నుండి ‘కింబర్లీ ప్రక్రియ’ అనే అంతర్జాతీయ ఏర్పాటు అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ముడి వజ్రాలను ముద్రవేసిన పెట్టెలో, ప్రభుత్వ ధృవపత్రంతోనే ఎగుమతి చేయాలి; సభ్యదేశాలు ఇతర దేశాలతో ముడి వజ్రాల వ్యాపారం చేయరాదు. మన దేశం కూడా ఇందులో సభ్యురాలే.

ఈ ఏర్పాటు మేలు చేసిందనడంలో సందేహం లేదు. కాని దాని నిర్వచనమే ఇరుకైనది. ప్రభుత్వాలపై తిరుగుబాటు చేసేవారి యుద్ధానికి డబ్బు సమకూర్చే ముడి వజ్రాలను మాత్రమే అది నిషేధిస్తుంది. మరి ప్రభుత్వ సైన్యమే హింసకు పాల్పడితే? 2008లో జింబాబ్వేలోని మరాంగే క్షేత్రంలో సైనికులు 200 మందికి పైగా చంపారని మానవహక్కుల పరిశీలకులు ప్రకటించారు. అయినా 2011లో అక్కడి వజ్రాల ఎగుమతికి కింబర్లీ సభ్యదేశాలు అనుమతించాయి. ఈ ప్రక్రియ కోసం మొదటినుండి పోరాడిన ‘గ్లోబల్ విట్‌నెస్’ సంస్థ అదే సంవత్సరం డిసెంబరులో దానినుండి వైదొలగింది. కూలివాని వేతనం, బాలల శ్రమ, నదుల నాశనం, ఇవేవీ ఆ ధృవపత్రంలో కనబడవు.

అట్లయితే వజ్రాలను పూర్తిగా బహిష్కరించడమే ధర్మమా? మేమట్లా భావించడం లేదు. 1966లో స్వాతంత్ర్యం పొందిన బోట్స్‌వానా, మరుసటి ఏడు బయటపడిన వజ్రసంపదతో బడులూ రోడ్లూ ఆసుపత్రులూ నిర్మించుకున్నది. రాయి ఒక్కటే, దానిపై వచ్చిన ధనం ఎవరి చేతికి, ఏ నియమంతో చేరుతున్నదన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. సంఖ్యను బట్టి చూస్తే ప్రపంచంలోని ప్రతి పది వజ్రాలలో సుమారు తొమ్మిది మన దేశంలోనే, ముఖ్యంగా సూరత్‌లో, సానపట్టబడుతున్నాయి. సానపట్టిన తరువాత కింబర్లీ నియమం వర్తించదు. రాతి పుట్టుక అక్కడితో మరుగున పడుతుంది. మన ఇళ్లలో పెండ్లికి ముక్కుపుడకో దుద్దులో కొనేటప్పుడు బరువు, మెరుపు, ధర అడుగుతాము. ‘ఇది ఏ దేశపుది? కాగితం మీద వ్రాసి ఇవ్వగలరా?’ అని అడిగేవారు అరుదు. ఒకరు అడిగితే వర్తకుడు నవ్వవచ్చు; వందమంది అడిగితే జవాబు సిద్ధం చేసుకుంటాడు. విద్యావంతులమైన మనం ఆ మొదటి వందమందిలో ఉండాలి. కొల్లూరులో మట్టి మోసినవారిని గురించి అడగవలసిన కాలం గడచిపోయింది; నేడు మట్టి మోస్తున్నవారిని గురించి అడిగే అవకాశం మనకింకా ఉన్నది.