ఏ ముక్క ఉంచుదాం?

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం నడిపే మా బావ దగ్గర ఆరు క్రెడిట్ కార్డులున్నాయి. ఓ ఆదివారం భోజనాలయ్యాక వాటిని చాపమీద పరిచి, "చెప్పరా బామ్మర్దీ, ఏ ముక్క పారేద్దాం?" అన్నాడు. పేకాటలో బావ ఘనుడు. పదమూడు ముక్కల్లో పనికిరానిదేదో చెయ్యి విప్పగానే పట్టేస్తాడు. ఈ ఆరింటి దగ్గర మాత్రం మూడేళ్లుగా తేల్చుకోలేక పోతున్నాడు.

మొదట అప్పున్న కార్డు తీశాడు. కిందటి నెల 40,000 బిల్లు వస్తే, కనీస మొత్తం 2,000 కట్టి ఊరుకున్నాడట. వడ్డీ నెలకు 3.5 శాతమని బిల్లు మీదే ఉంది. కానీ మన డెల్టాలో వడ్డీని శాతాల్లో ఎవరు చెప్పుకుంటారు? నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు. రెండు రూపాయలకు తెచ్చాడని వింటేనే, పాపం ఎంత అవసరం వచ్చిందో అనుకుంటాం.

"బావా, ఇది మూడున్నర రూపాయల వడ్డీ" అన్నాను.

బావ మొహం మారింది. మిగిలిన 38,000కు నెల వడ్డీ 1,330. దానిమీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 1,570 దాకా. పైగా బాకీ మిగిల్చినప్పుడు వడ్డీ లేని గడువు కొత్త కొనుగోళ్లకూ పోతుంది, గీకిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఇలాంటి కార్డును ఉంచాలా తీసేయాలా అన్న చర్చ తర్వాత. ముందు బాకీ తీరాలి. బ్యాంకులో అక్క గాజులు పెట్టి తెచ్చినా వడ్డీ రూపాయి లోపే పడుతుంది.

రెండోది బావకు పెళ్లైన ఏడాది వచ్చిన కార్డు. ఆంధ్రా బ్యాంకుది. ఇప్పుడు మీద యూనియన్ బ్యాంకు పేరుంది. ఈ ముక్కకు ఓ కథ ఉంది. బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆ ఊళ్లోనే మొదలుపెట్టిన బ్యాంకు అది. 1980లో జాతీయమైంది. ఆ మరుసటేడే, 1981లో, క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో అదొకటి. కిరాణా కొట్లో పద్దు రాయించుకుని పంట చేతికొచ్చాక తీర్చే జిల్లాకు కార్డు మరీ వింతేం కాదు, పంట నెలనెలా వస్తుందని అది అనుకుంటుంది, అంతే తేడా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

"దీనికి రివార్డులూ లేవు, పాడూ లేదు" అన్నాడు బావ పక్కన పెడుతూ. వార్షిక రుసుమూ లేదు కదా! పైగా బావ అప్పుల చరిత్రలో అన్నిటికన్నా పాతది. ఇది ఉండాలి. అయితే బీరువాలో పడుకోబెడితే కుదరదు. ఏడాదికి మించి వాడని కార్డును, ముందు కబురు పంపి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకే మూసేయాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధన. రెండు మూడు నెలలకోసారి దీనిమీద కరెంటు బిల్లు కడితే చాలు.

యూపీఐకి కలిపిన రూపే కార్డు కొట్టు పనికొస్తుంది. పెట్రోలుది కూడా ఉండనిచ్చాం. బట్టల దుకాణం వాళ్లు అంటగట్టినది ఎందుకున్నట్టు?

దాన్ని కత్తిరించడానికి బావ కత్తెర అడిగాడు. నేను అడ్డుపడ్డాను. ఒకసారి నేనూ అలాగే ముక్కలు చేసి పీడ వదిలిందనుకున్నాను. మరుసటేడు రుసుము బిల్లు ఇంటికొచ్చింది. కార్డు మూయమని మనమే అడగాలి. అంతకుముందు బాకీ సున్నా చేసి, పాయింట్లు వాడుకుని, దాని మీద నెలనెలా వాటంతటవే పోయే చెల్లింపుల్ని ఇంకోదానికి మార్చాలి. బాకీ లేకుంటే అడిగిన ఏడు పనిదినాల్లో మూయాల్సిందే. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మనకే ఇవ్వాలి. తర్వాత సిబిల్ నివేదికలో మూసినట్టు పడిందో లేదో చూసుకోవాలి. ఏడాదికోసారి అది ఉచితమే.

ఆఖరుది తళతళలాడే కార్డు. ఏడాదికి 5,000, పన్నుతో 5,900. గన్నవరంలో ఏడాదికోసారి విమానమెక్కే మనిషికి లాంజ్ దేనికి? నా లెక్కలో ముందు పోవాల్సింది ఇదే. కానీ బావ పోరంకిలో ఫ్లాటు కోసం గృహరుణానికి తిరుగుతున్నాడు. ఆరింటి పరిమితి 3 లక్షలు, నెల వాడకం 60,000, అంటే 20 శాతం. ఇదొక్కదాని పరిమితే లక్షన్నర. తీసేస్తే అదే వాడకం 40 శాతమవుతుంది. 30 దాటితే అప్పిచ్చేవాళ్లు కాస్త అనుమానంగా చూస్తారు.

"అప్పు చేతికొచ్చాక తీసేయ్ బావా."

"అది మాత్రం తీయొద్దండీ" అంది వంటింట్లోంచి అక్క. వాళ్ల ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు తీశాక, పాడైన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మళ్లీ కొన్నది ఆ కార్డు మీదే. అప్పుడు మా ఎవరి చేతుల్లోనూ డబ్బు లేదు.

5,900 లెక్క ఇంకోసారి చెప్పబోయి ఊరుకున్నాను. బావ దాన్ని తుడిచి పర్సులో పెట్టుకున్నాడు.