దినచర్య చెదిరిన కాలంలో బైపోలార్ జీవితం

2020 మార్చి 24 రాత్రి ప్రకటించి ఆ మర్నాటి నుండి దేశమంతటా అమలుచేసిన లాక్‌డౌన్ కరోనా వ్యాప్తిని అరికట్టడానికి ఉద్దేశించినదే అయినా, మనిషి రోజును వేళ ప్రకారం నడిపించే బయటి ఏర్పాట్లన్నింటినీ అది ఒక్కసారిగా ఆపివేసింది. పిల్లల బడి బస్సు, ఆఫీసులో హాజరుపట్టీ, ఆర్టీసీ బస్సు వేళలు, రైతుబజారు రద్దీ, గుడిలో సాయంత్రపు హారతి వంటివి ఆగిపోయినప్పుడు చాలామందికి కలిగినది అసౌకర్యమో, విసుగో మాత్రమే. బైపోలార్ రుగ్మతతో జీవిస్తున్నవారికి మాత్రం అది చికిత్సలో ఒక ముఖ్యభాగాన్ని చేతిలోంచి లాగేసుకోవడంతో సమానం. మహమ్మారి మనసుపై చూపిన ప్రభావం గురించి ఎంతో రాశారు గానీ, అందరికీ కలిగిన ఆందోళన గురించి జరిగినంత చర్చ, ముందునుండే తీవ్రమైన మానసిక వ్యాధితో ఉన్నవారి రోజు ఎలా గడిచిందన్న విషయంపై జరగలేదు.

బైపోలార్ రుగ్మత అంటే మనోస్థితి, శక్తి, నిద్ర, ఆలోచనల వేగం రెండు విరుద్ధ దిశల్లో విడతలు విడతలుగా హద్దు దాటిపోయే వ్యాధి. పైకి లేచే విడతను ఉన్మాద దశ అంటారు. కనీసం వారం రోజులపాటు మనిషి అతి ఉత్సాహంతోనో, అతి చిరాకుతోనో ఉంటూ, రెండు మూడు గంటల నిద్రతోనే అలసట లేకుండా తిరుగుతూ, ఆగకుండా మాట్లాడుతూ, తన శక్తిసామర్థ్యాల గురించి లేనిపోని నమ్మకాలు పెంచుకుని, డబ్బు విషయంలోనూ సంబంధాల విషయంలోనూ వెనకాముందూ చూడకుండా నిర్ణయాలు తీసుకునే స్థితి అది. ఇదే తక్కువ తీవ్రతతో కనీసం నాలుగు రోజులు ఉంటే అల్ప ఉన్మాదం అంటారు. కిందికి జారే విడత కుంగుబాటు. అది రెండు వారాలకు తగ్గకుండా కొనసాగి, ఆసక్తినీ ఆకలినీ కదిలే శక్తినీ హరించి, కొందరిని చావు ఆలోచనల దాకా తీసుకువెళుతుంది. విడతకూ విడతకూ మధ్య నెలలో, సంవత్సరాలో మామూలుగా గడిచిపోతాయి కాబట్టి, చూసేవారికి ఇది జబ్బుగా కాక మనిషి స్వభావంలోని నిలకడలేమిగా కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఉన్మాద దశ ఎంత కళ్లకు కట్టినట్లు కనిపించినా, రోగి జీవితంలో ఎక్కువ కాలాన్ని మింగేది కుంగుబాటే. అమెరికాలో ఈ వ్యాధి మొదటి రకం ఉన్న 146 మందిని సగటున పన్నెండేళ్లకు పైగా గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, వారు దాదాపు సగం వారాలు ఏదో ఒక లక్షణంతోనే గడిపారనీ, ఆ వారాల్లోనూ అత్యధికం కుంగుబాటువేననీ తేలింది. మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడైనా ఈ వ్యాధికి లోనైన పెద్దలు సుమారు 0.5 శాతం. వినడానికి చిన్న అంకెలా ఉన్నా, ఈ దేశ జనాభాలో అది లక్షల కుటుంబాలకు సంబంధించిన సంగతి. వారిలో దాదాపు 70 శాతం మందికి సరైన చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. అంటే మహమ్మారి వచ్చేనాటికే ఈ రోగుల్లో అధికులు వైద్యానికి వెలుపల ఉన్నారు.

వ్యాధి తగ్గుముఖం పట్టిన రోజుల్లోనూ మనిషి పనితీరు పూర్తిగా కుదుటపడకపోవడం ఈ రుగ్మతలోని కష్టాల్లో ఒకటి. ఏకాగ్రత, జ్ఞాపకం, పనులను వరుసలో పెట్టుకునే నేర్పు కొంతమేర వెనకబడే ఉంటాయి. వైకల్య ధ్రువీకరణ కోసం మన దేశంలో వాడే ఐడియాస్ అనే కొలమానం మానసిక వ్యాధి వల్ల కలిగే ఇబ్బందిని నాలుగు రంగాల్లో అంచనా వేస్తుంది: తన శుభ్రతా తిండీ తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, చెప్పినది అర్థం చేసుకుని తన మాట చెప్పగలగడం, పని చేయడం. లాక్‌డౌన్ ఈ నాలుగింటినీ ఒకేసారి దెబ్బతీసిన తీరును గమనిస్తే, ఆరోగ్యవంతులకూ రోగులకూ నష్టం ఒకేలా జరిగిందనడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఈ తేడాకు మూలం నిద్రకూ మనోస్థితికీ ఉన్న సంబంధంలో ఉంది. నిద్ర తగ్గడం ఉన్మాదానికి లక్షణం మాత్రమే కాదనీ, వేర్వేరు కారణాలన్నీ చివరకు నిద్రలేమి అనే దారిగుండానే ఉన్మాదాన్ని రేపుతాయనీ థామస్ వేర్, ఆయన సహచరులు 1987లో ప్రతిపాదించారు. ఆ మరుసటి సంవత్సరమే సిండీ ఎహ్లర్స్, ఎలెన్ ఫ్రాంక్, డేవిడ్ కప్ఫర్ ఒక అడుగు ముందుకు వేసి, శరీరంలోని గడియారానికి రోజూ కీ ఇచ్చేవి సూర్యకాంతితోపాటు పలకరింపులు, భోజనవేళలు, ఉద్యోగపు సమయాలు వంటి సామాజిక సంకేతాలేననీ, అవి చెదిరితే ఈ వ్యాధికి గురికాగల శరీరతత్త్వం ఉన్నవారిలో విడత మొదలయ్యే అవకాశం ఉందనీ వివరించారు. ఈ ఆలోచన మీదే పిట్స్‌బర్గ్‌లో ఫ్రాంక్ బృందం దినచర్యను స్థిరపరిచే ఒక చికిత్సా పద్ధతిని రూపొందించింది. 175 మంది రోగులతో చేసి 2005లో ప్రచురించిన పరిశీలనలో, తీవ్రదశలోనే ఆ చికిత్స అందుకున్నవారు తర్వాత ఎక్కువ కాలం వ్యాధి తిరగబెట్టకుండా ఉండగలిగారని తేలింది.

ఆ చికిత్సలో రోగి ప్రతిరోజూ రాసుకునే పట్టికలో ఉండేవి ఐదే అంశాలు: పక్క మీద నుండి లేచిన వేళ, మరో మనిషితో మొదటిసారి మాట్లాడిన వేళ, పనిలోనో చదువులోనో ఇంటి బాధ్యతలోనో దిగిన వేళ, రాత్రి భోజనం వేళ, నిద్రకు ఉపక్రమించిన వేళ. ఇంత సామాన్యమైన విషయాలను వైద్యులు పట్టుబట్టి రాయించడం చూసి కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు గానీ, 2020 వేసవిలో ఒక మధ్యతరగతి తెలుగు ఇంటిని ఈ పట్టికతో పరిశీలిస్తే దాని విలువ బోధపడుతుంది. లేవాల్సిన అవసరం లేక ఉదయం ఆరు తొమ్మిది అవుతుంది. ఉన్న రెండు గదుల్లో అందరూ ఉన్నా, ఎవరి ఫోనులో వారు మునిగి ఉండటంతో మొదటి పలకరింపు మధ్యాహ్నానికి గానీ జరగదు. దుకాణం మూసిన చిరువ్యాపారికి పనిలో దిగే వేళ అంటూ ఉండదు. టీవీలో కేసుల లెక్కలు చూస్తూ భోజనం పదిన్నరకు జరుగుతుంది, ఫోను వెలుగులో నిద్ర రెండింటికి పడుతుంది. ఆరోగ్యవంతుడు ఇంతటి అస్తవ్యస్తాన్ని ఓ వారంలో సరిచేసుకోగలడు. బైపోలార్ ఉన్న వ్యక్తికి మాత్రం ఇవే వారాలు కొత్త విడతకు వాకిలి తెరిచిపెట్టగలవు.

కరోనా రెండవ ఉధృతిలో మరో రకం చిక్కు వచ్చింది. 2021 మే 12 నుండి తెలంగాణలో మొదట ఉదయం 6 నుండి 10 గంటల వరకు మాత్రమే సడలింపు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నెల 5 నుండి మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ మొదలయ్యేది. ఈ వ్యాధికి రాత్రిపూట వాడే క్వెటియాపిన్, ఓలాంజపిన్ వంటి మందుల మత్తు చాలామందిలో ఉదయం పొద్దెక్కేదాకా వదలదు. పాలు, కూరగాయలు, బ్యాంకు పని అన్నీ ఆ ఉదయపు గంటల్లోనే ముగించాలన్న నిబంధన ఎంత అవసరమైనదైనా, ఒంటరిగా జీవించే రోగికి మందు వేసుకోవడమా, సరుకులు తెచ్చుకోవడమా అనే సంకటాన్ని తెచ్చిపెట్టేదే. ఇంటినుండే పనిచేయడం మొదలైన హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో అమెరికా వేళలకు పనిచేసేవారికి, ఆఫీసు క్యాబ్ ఎక్కడం దిగడం అనే హద్దు కూడా పోయి, పనికీ నిద్రకూ ఒకే మంచం మిగిలింది.

లాక్‌డౌన్ వ్యాధిని రేపడమే కాక దాచిపెట్టింది కూడా. నాలుగు రోజులు స్నానం చేయకుండా, ఎవరి ఫోనూ ఎత్తకుండా పడుకున్న మనిషిని మామూలు కాలంలో ఎవరో ఒకరు ఆరా తీస్తారు. కుంగుబాటులో ఉన్నవారికి స్నానం ఒక పని కాదు, లేవడం, తువ్వాలు వెతకడం, నీళ్లు పట్టడం, బట్టలు మార్చడం అనే పనుల గొలుసు, అందులో మొదటి లంకె దగ్గరే శక్తి అయిపోతుంది. అందరూ ఇంట్లోనే ఉండి, అందరూ బద్ధకిస్తున్న రోజుల్లో ఈ తేడాను కనిపెట్టగలవారే లేకపోయారు. ఉన్మాదం విషయమూ అంతే. రాత్రంతా మేలుకుని వాట్సాప్‌లో వందల సందేశాలు పంపడం, ఉన్న డబ్బంతా సహాయ కార్యక్రమాలకు ధారపోయడం, కరోనాకు మందు కనుగొన్నానని నమ్మడం వంటి చేష్టలు, ఊరంతా హడావుడిగా ఉన్నప్పుడు అత్యుత్సాహంగానో సేవాభావంగానో చెలామణి అయ్యే వీలుంది.

మందుల సంగతి మరింత జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ఉన్మాదంపై దాని ప్రభావాన్ని ప్రకటించిన నాటి నుండి నేటి వరకు లిథియం ఈ వ్యాధిలో ప్రధానమైన మందుల్లో ఒకటి. ఆత్మహత్యల ముప్పును తగ్గించడంలోనూ దానికి మంచి పేరుంది. అయితే పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. సాధారణంగా రక్తంలో లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే విషలక్షణాల భయం మొదలవుతుంది. అందుకే చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీసి లిథియం స్థాయిని, కొన్ని నెలలకోసారి మూత్రపిండాల, థైరాయిడ్ పనితీరును పరీక్షిస్తారు. ల్యాబుకు వెళ్లడానికే జనం జంకిన రోజుల్లో ఈ పరీక్షలు వాయిదా పడ్డాయి. పైగా అది మండువేసవి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి, చెమట, జ్వరం, విరేచనాలు, ఉపవాసం, వీటిలో ఏదైనా మందు మోతాదు మారకుండానే రక్తంలో దాని స్థాయిని పెంచగలదు. చేతులు మామూలుకన్నా ఎక్కువ వణకడం, వాంతులు, తూలుడు, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేరాలి.

ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు కూడా లిథియం స్థాయిని పెంచుతాయి, పారాసెటమాల్‌తో సాధారణంగా ఆ బెడద లేదు. కరోనా తీవ్రమైనవారిలో ప్రాణాలు నిలుపుతుందని 2020 జూన్‌లో రుజువైన డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లకు నిద్రను చెడగొట్టి, కొందరిలో ఉన్మాదాన్ని రేపే గుణం ఉంది. ఆక్సిజన్ తగ్గిన రోగికి దాన్ని ఇవ్వక తప్పదు గానీ, ఇచ్చే వైద్యుడికి బైపోలార్ సంగతి తెలిస్తే మూడ్ మందులు ఆగకుండా చూడగలడు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి దాచిపెట్టడం మన ఇళ్లలో పరిపాటి. ‘ఎర్రగడ్డ’ అన్నా ‘చినవాల్తేరు’ అన్నా రోగులకు ఆశ్రయమిచ్చే ప్రభుత్వ ఆస్పత్రులు కాక, ఎదుటివాణ్ణి కించపరిచే మాటలుగా స్ఫురించే సమాజంలో ఆ సిగ్గుకు రోగిని తప్పుపట్టడం న్యాయం కాదు.

లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేయడం, ఆ ఏడాదే మానసిక వైద్యుల కోసం ప్రత్యేక సూచనలు రావడం మేలు చేసిన పరిణామాలు. ఊరినుండి జిల్లా కేంద్రానికి వెళ్లే బస్సు లేకపోయినా ఫోనులో డాక్టరుతో మాట్లాడి మందుల చీటీ తెప్పించుకునే వీలు ఏర్పడింది. అయినా స్మార్ట్‌ఫోను లేనివారికి, ఇంట్లో చాటుగా మాట్లాడుకునే గది లేని ఆడవాళ్లకు ఆ వీలు పేరుకే మిగిలింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులో కూడా ఉచితంగా సలహా ఇస్తోంది. చావు ఆలోచనలు వస్తున్నవారు, వారిని కనిపెట్టుకుని ఉన్నవారు ఏ వేళలోనైనా దానికి ఫోను చేయవచ్చు.

రోజంతా ఒకే కప్పు కింద గడపడం వల్ల కుటుంబసభ్యుల మీద పడ్డ బరువూ తక్కువది కాదు. రోగి కాస్త గట్టిగా నవ్వినా, ఏదైనా విషయమై వాదించినా, ‘మాత్ర వేసుకున్నావా?’ అని అడగడం శ్రద్ధతో మొదలై నిఘాగా మారుతుంది. తన సంతోషాన్నీ కోపాన్నీ కూడా జబ్బు ఖాతాలో రాస్తున్నారన్న బాధతోనే మందులు మానేసేవారు ఉంటారు. ప్రశ్నలకన్నా వేళలను కాపాడటం ఎక్కువ ఫలితమిస్తుంది: తొమ్మిదింటికల్లా అందరూ కలిసి భోంచేయడం, పదిన్నరకు టీవీ ఆపడం, ఉదయం ఎండలో కాసేపు డాబా మీద కలిసి నడవడం. అలాగే ఆరోగ్యంగా ఉన్నప్పుడే, నిద్ర ఎన్ని గంటలకు తగ్గితే డాక్టరుకు చెప్పాలి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంచాలి వంటివి రోగి సమ్మతితో కాగితం మీద పెట్టుకోవచ్చు. తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో ముందుగానే రాసి ఉంచే హక్కును, తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని ఎంచుకునే హక్కును 2018 మే నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది.

ఆంక్షలు ఎత్తివేయడంతో కథ ముగియలేదు. దినచర్య చెదరడం ఎంత ప్రమాదమో, రెండేళ్లు అలవాటైన చెదిరిన దినచర్యను ఒక్క సోమవారంతో పాతదారిలో పెట్టడమూ అంతే ప్రమాదం. ఆఫీసులు తిరిగి పిలిచినప్పుడు తొమ్మిదింటికి లేస్తున్న మనిషి ఒక్కసారిగా ఐదున్నరకు లేవవలసి వస్తే, పడుకునే వేళ మారకుండా నిద్రలో మూడున్నర గంటలు తెగిపోతాయి. వీలైనంతవరకు రెండు మూడు వారాల ముందునుండే లేచే వేళను పావుగంట, అరగంట చొప్పున ముందుకు జరుపుకోవడం, మొదటి నెల రాత్రి షిఫ్టు లేకుండా అడగడం మంచిది. మానసిక వ్యాధిని కూడా వైకల్యంగా గుర్తించిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అర్హులైన ఉద్యోగులకు పనివేళల్లో తగిన వెసులుబాటు కోరేందుకు ఆధారమిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగి అయినా, ప్రైవేటు ఉద్యోగి అయినా వైద్యుడి ధ్రువపత్రం జతచేసి ఆ వినతిని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి.