గర్భాశయ క్యాన్సర్: లింఫ్ గ్రంథులన్నీ తీసేయాలా?

గర్భాశయం లోపొరలో పుట్టే క్యాన్సర్‌ను ఎండోమెట్రియల్ క్యాన్సర్ అంటారు. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం కనిపించడం దీని ప్రధాన హెచ్చరిక. ఈ లక్షణం వల్లే చాలామందిలో జబ్బు తొలిదశలోనే బయటపడుతుంది. అప్పుడు ఆపరేషన్ చేసి గర్భాశయాన్ని, సాధారణంగా అండవాహికలను, అండాశయాలను కూడా తొలగిస్తారు. పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులను సైతం తీసేయాలా అన్న దానిపైనే ఏళ్ల తరబడి చర్చ సాగింది.

ఎందుకు తీసేవారు?

క్యాన్సర్ కణాలు గర్భాశయం దాటితే తరచూ ముందుగా చేరేది ఈ గ్రంథుల్లోకే. అక్కడ దాగిన కొద్దిపాటి కణాలు స్కానింగ్‌లో కనిపించకపోవచ్చు. గ్రంథుల్లో కణాలుంటే జబ్బు మూడో దశకు చేరినట్టే. అందుకే 1988 నుంచి ఆపరేషన్‌లో తేలిన వివరాలను బట్టే దశను నిర్ణయిస్తున్నారు. గ్రంథులను తీసేస్తే రోగి ఆయుష్షు కూడా పెరుగుతుందని చాలామంది సర్జన్లు నమ్మారు.

పరీక్షకు నిలవని నమ్మకం

ఇటలీ కేంద్రంగా 514 మంది మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. గ్రంథులు తీసినవారిలో 13 శాతం మందికి వాటిలో క్యాన్సర్ కనిపించగా, రెండో బృందంలో 3 శాతం మందికే కనిపించింది. అంటే దశ మరింత కచ్చితంగా తెలిసింది. ఆయుష్షు మాత్రం పెరగలేదు. బ్రిటన్ ఆధ్వర్యంలో నాలుగు దేశాల్లో 1,408 మందిపై జరిగిన ‘ఆస్టెక్’ అధ్యయనం కూడా 2009లో ఇదే తేల్చింది.

ఆస్టెక్‌పై విమర్శలూ వచ్చాయి. కొందరిలో తగినన్ని గ్రంథులు తీయలేదని, పాల్గొన్నవారిలో ముప్పు తక్కువ ఉన్నవారే ఎక్కువని కొందరు నిపుణులు ఎత్తిచూపారు. అయినా తొలిదశ రోగులందరికీ గ్రంథులన్నీ తీసే పద్ధతికి మద్దతు తగ్గింది. దీనికి మరో కారణం లింఫెడీమా. గ్రంథులు పోవడంతో ద్రవం సరిగా పారక కాళ్లు వాస్తాయి. ఈ వాపు కొందరిని జీవితాంతం వేధిస్తుంది.

మధ్యేమార్గం

గర్భాశయ ముఖద్వారంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును ఎక్కిస్తారు. అది లింఫ్ నాళాల వెంట సాగి మొదట చేరిన గ్రంథి ప్రత్యేక కెమెరాలో మెరుస్తుంది. దాన్నే సెంటినల్ గ్రంథి, అంటే కాపలా గ్రంథి అంటారు. దాన్ని మాత్రమే తీసి, పలుచని పొరలుగా కోసి పరీక్షిస్తారు.

అమెరికాలో జరిగిన ‘ఫైర్స్’ అధ్యయనం 2017లో వెలువడింది. ఇందులో 86 శాతం మందిలో కనీసం ఒక కాపలా గ్రంథి దొరికింది. అలా దొరికినవారిలో గ్రంథులకు పాకిన క్యాన్సర్‌ను ఈ పద్ధతి 97 శాతం మేర పట్టుకుంది. ఒక పక్క గ్రంథి మెరవకపోతే ఏం చేయాలన్నది కణితి స్వభావాన్ని బట్టి ఉంటుంది. ప్రమాదకర రకాల్లో ఆ పక్క గ్రంథులను పూర్తిగా తీయాల్సి రావచ్చు.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌ను మూడు విషయాలు అడగాలి. కణితి ఏ రకం, ఏ గ్రేడ్? కాపలా గ్రంథి పరీక్ష అక్కడ చేస్తారా? గ్రంథుల ఫలితం తర్వాతి చికిత్సను ఎలా మారుస్తుంది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే గ్రంథులు తీయడం అవసరమో కాదో చాలావరకు తేలుస్తుంది.