తాళము లేని యక్షరము

తిరుమల శ్రీవారి యాలయమున హుండీ కెదురుగా నొక చిన్న రాతిగది కలదు. దానిని సంకీర్తన భాండాగార మందురు. తాళ్లపాక అన్నమాచార్యుని కీర్తనలను చెక్కించిన రెండువేలకు పైబడిన రాగిరేకులు శతాబ్దముల తరబడి యా గదిలో పడియుండెను. 1922లో వానిని కొండ దిగువకు, తిరుపతిలోని దేవస్థాన కార్యాలయమునకు చేర్చిరి. పిమ్మట సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వానిని పరిష్కరించి లోకమున కందించిరి. నేడు మన యిండ్లలో వినవచ్చు అన్నమయ్య పాట లా రేకుల చలువయే. అంతకాలము చీకటిలో నున్నను, వెలుగు చూచిన దినమున వానిని చదువుటకు ఏ యజమాని యనుజ్ఞయు కావలసి రాలేదు. తెలుగు లిపి నెరిగిన కన్నులు చాలెను.

ఇక మా యనుభవ మొకటి చెప్పుదుము. పదునెనిమిదేండ్ల క్రిందట చిత్తూరునందలి యొక డి.టి.పి. దుకాణమున మేమొక చిన్న గ్రంథమును కూర్పించితిమి. ఇటీవల పునర్ముద్రణకు పూనుకొని యా ఫైలును తెరువగా, తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములును, చుక్కలును, అర్థములేని గుర్తులును బారులు తీరి కానవచ్చినవి. దుకాణము మూతబడి చాలకాలమైనది. నాటి సాఫ్టువేరు నేటి యంత్రములపై నడువదు. పాత యంత్రమును సంపాదించినను, దానికి తగిలింపవలసిన తాళపు బిళ్ల యెవరియొద్దను లేదు. గ్రంథమంతయు మొదటినుండి మరల టైపు చేయింపవలసి వచ్చెను. వ్రాసినవారము మేము, కూర్పునకు రొక్క మిచ్చినవారము మేము, కాని మా వ్రాతపై మాకే యధికారము లేకపోయెను. రాగిరేకు నాలుగు శతాబ్దములు నిలిచినచోట మా ఫైలు రెండు దశాబ్దములు నిలువలేదు. ఇట్లేల జరిగెను?

కంప్యూటరు అక్షరముల నెరుగదు, అంకెల నెరుగును. ఏ యంకె యే యక్షరమునకు గుర్తో, ఆ యొడంబడిక యందరకు నొక్కటియై బహిరంగముగా నుండవలయును. తొలిదినములలో తెలుగు ఫాంట్లను తయారు చేసినవారు ఎవరికి వారే, ఇంగ్లీషు అక్షరముల కేర్పడిన అంకెలపై తమ తెలుగు ముక్కలను కూర్చుండబెట్టిరి. అందుచే నొకరి కూర్పు మరియొకరి ఫాంటులో చదువరాకుండెను. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములను కేటాయించినను, మన ముద్రణాలయములును పత్రికలును పెక్కేండ్లు పాత పద్ధతులనే పట్టుకొని యుండినవి. ఒక్కొక్క దినపత్రికను ఇంటర్నెట్టున చదువుటకు ఒక్కొక్క ఫాంటు కావలసి యుండెడిది.

ఈ చిక్కును విడదీసినవారిలో పెక్కురు లాభమపేక్షింపని యుత్సాహవంతులు. వెన్న నాగార్జున 'పద్మ' యను సాధనమును నిర్మించి, వేర్వేరు ఫాంట్లలోని తెలుగును యూనికోడులోనికి మార్చు మార్గము చూపిరి. 2003లో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారును వీరే. తిరుమల కృష్ణదేశికాచారి పోతన, వేమన యను పేర్లతో ఫాంట్లను రచించి యుచితముగా పంచిపెట్టిరి. సిలికానాంధ్ర వారు వెలువరించిన ఫాంట్లలో నొకటి మన శ్రీకాళహస్తి కవియైన ధూర్జటి పేర నున్నది. ఎవరైనను దానిని వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. రాజసేవను నిరసించిన కవి పేరు ఏ రాజునకును లోబడని యక్షరములకు పెట్టుట యెంతయు నుచితముగా నున్నది.

సాఫ్టువేరు విషయమున లోకమున రెండు మతములు కలవు. దీనిని తిరుపతివారికి బోధించుటకు లడ్డును మించిన యుదాహరణము లేదు. లడ్డు వేరు, ఏ దినుసు లెంతెంత వేయవలయునో నిర్ణయించు దిట్టము వేరు. వాణిజ్య సాఫ్టువేరు దిట్టమును దాచి లడ్డును మాత్ర మమ్మును. ఓపెన్ సోర్సువారు లడ్డుతో దిట్టమును గూడ చేతికిచ్చి, నీకు పంచదార హెచ్చినచో తగ్గించుకొనుము, నీ పొరుగువానికిని చెప్పుము అందురు. ఆ దిట్టమునకే సోర్సు కోడని పేరు. 'తిరుపతి లడ్డు' అను పేరునకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా, దాని మాటేమని యెవరైన నడుగవచ్చును. పేరును కాపాడుకొనుట వేరు, దిట్టమును దాచుట వేరు. లినక్సు అను పేరు సైతము నమోదైన వ్యాపారచిహ్నమే. కాని దాని కోడు లోకమంతటికి తెరచియున్నది.

ఈ వివాదము నిన్న మొన్నటిది కాదు. 1976లో, ఇరువదేండ్ల బిల్ గేట్సు కంప్యూటరు అభిమానులకు బహిరంగలేఖ వ్రాసి, తాము శ్రమించి రచించిన ప్రోగ్రామును డబ్బు చెల్లింపక నకళ్లు తీసికొనుట దొంగతనమే యని యాక్షేపించెను. శ్రమకు కూలి లేనిచో మంచి సాఫ్టువేరు నెవరు వ్రాయుదురని యాతని వాదము. 1983లో రిచర్డు స్టాల్‌మన్ దీనికి ప్రతిగా గ్నూ ఉద్యమమును ప్రకటించెను. తన ప్రయోగశాలలోని ప్రింటరును బాగుచేసికొందమన్న దాని సోర్సు కోడును తనకు నిరాకరించిరని యాతని యావేదన. 1989లో వెలువడిన గ్నూ లైసెన్సు ప్రకారము, కోడును తీసికొని మార్చి పంచువాడు తాను పొందిన హక్కునే తనవలన పొందువారికిని ఈయవలయును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి లినక్సును ప్రారంభించెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడు ఫోన్లన్నియు దాని యాధారముననే నడుచుచున్నవి.

ఇంగ్లీషున 'ఫ్రీ' యను నొక్క మాటకే ఉచితమనియు, స్వేచ్ఛ యనియు రెండర్థము లుండుటచే వారికి గొప్ప చిక్కు వచ్చినది. మన భాష కా చిక్కు లేదు. మేము కోరునది ఉచితము కాదు, స్వేచ్ఛ. ఊరక వచ్చినదానికి తాళము వేసియుండవచ్చును. వెల యిచ్చి కొన్నది తాళము లేక యుండవచ్చును. వెలను గూర్చి బేరమాడి తాళమును మరచువాడు మోసపోవును.

కావున వ్యాపారమును మేము ద్వేషించువారము కాము. మన జిల్లా యా వ్యాపారమువలన బాగుపడినదే. నారావారిపల్లెలో పుట్టి కుప్పమునకు ప్రాతినిధ్యము వహించిన చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా నుండి 1997లో బిల్ గేట్సును కలిసికొనగా, 1998లో మైక్రోసాఫ్టు హైదరాబాదున తన కేంద్రమును స్థాపించెను. రాయలసీమ రైతుబిడ్డలు వేలకొలది యీ వృత్తిలో ప్రవేశించి తమ యప్పులు తీర్చుకొనిరి. మన రేణిగుంటలోనే జోహో సంస్థ కార్యాలయము వెలసినది. ఇట్టి యన్నమును నిందించుట మా యుద్దేశము కాదు. పైగా వాణిజ్యమే తన మతమును మార్చుకొనుచున్నది. 2001లో మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ లినక్సును క్యాన్సరుతో పోల్చెను; తెలుగువాడగు సత్య నాదెళ్ల అధిపతియైన పిమ్మట 2018లో, ఆ సంస్థయే ఓపెన్ సోర్సు రచయితల కూడలియైన గిట్‌హబ్బును ఏడున్నర వందల కోట్ల డాలర్లకు కొనెను.

అయినను తాళపు బాధ యెట్టిదో తెలుగువారికి 2018 ఫిబ్రవరిలో చక్కగా తెలియవచ్చినది. ఒక విధముగా కూర్చిన 'జ్ఞా' యను నక్షరము సందేశమున వచ్చినంతనే ఐఫోన్లు స్తంభించినవి. జ్ఞానమునకు మొదటి యక్షరమే యా యంత్రమునకు కొరుకుడు పడలేదు! సంస్థవారు కొలది దినములలోనే లోపమును సవరించిరి. ఆ వేగమును మెచ్చుకొనవలసినదే. కాని యంతవరకు తెలుగెరిగిన ఇంజనీర్లు సైతము లోప మెచ్చటనో యూహింపవలసినదే కాని, కోడును తెరచి చూచుటకు వీలు లేకపోయెను. ఫైర్‌ఫాక్సు, క్రోము, లిబ్రాఫీసు మొదలగువానియందు మన వత్తులను, గుణింతములను కూర్చు హార్ఫ్‌బజ్ అను సాధనము బహిరంగమైనది. దానిలో తప్పున్నచో మదనపల్లె విద్యార్థి సైతము దిద్ది పంపవచ్చును.

రెండవ పక్షపు లోపమును గూడ దాచము. తెరచియున్న యింటిలో దొంగ దూరవచ్చును. ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును పెక్కేండ్లు ఒక్క వ్యక్తియే జీతము లేక పోషించుచు నలసిపోయెను. మారుపేరుతో వచ్చిన యొక యజ్ఞాతుడు రెండేండ్లకు పైగా సాయము చేసి నమ్మకము సంపాదించి, దానిలో రహస్యద్వారము నమర్చెను. 2024 మార్చిలో, ప్రవేశమునకు అర సెకను హెచ్చుగా పట్టుట గమనించి దానిని బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్టు ఉద్యోగి. కోడు తెరచియుండుటచే దొంగ దూరెను. కోడు తెరచియుండుటచేతనే పట్టుబడెను.

మన రైతులకు దీని సారము క్రొత్త కాదు. ఓపెన్ సోర్సు ఊరి చెరువు వంటిది. నీరందరిది, పూడిక తీయుట యెవరి పనియు కానిచో కట్ట తెగును. అందుకే పూర్వులు చెరువును కాపాడువారికి దశబంధ మాన్యము లిచ్చిరి. ఉచితముగా లభించినదని వాడుకొను ప్రభుత్వములును, కోట్లు గడించు సంస్థలును తమ వంతు దశబంధమును చెల్లింపవలసియున్నది.

ఇక భూస్వాములగు పాఠకు లడుగవచ్చును: ఇందు మాకేమి? 2015లో 'మీభూమి' వెలసినదాదిగా మీ యడంగలును, 1-బియు కంప్యూటరులోని కెక్కినవి. తాతలనాటి కాగితములను చెదలు తినుచుండెడివి. ఫైళ్లకు చెదలు లేవు గాని, తెరచు సాఫ్టువేరు మూలబడినచో రికార్డు ఉండియు లేనిదే. జిల్లాలు మారును, 2022లో చిత్తూరునుండి తిరుపతి జిల్లా వేరుపడలేదా? గుత్తేదారులు మారుదురు, ప్రభుత్వములు మారును. పొలము హద్దు మారరాదు. హద్దును చెప్పు వ్రాతయు చదువరాకుండ పోరాదు.

కేంద్రప్రభుత్వము 2015లోనే ఓపెన్ సోర్సునకు ప్రాధాన్య మీయవలయుననియు, దానిని వలదన్నచో కారణము చూపవలయుననియు విధానము ప్రకటించినది. కేరళమున ప్రభుత్వ పాఠశాలలు ఏనాడో లినక్సునకు మారినవి. మన యధికారుల నడుగవలసిన ప్రశ్నలు మూడు. ప్రజల రికార్డులను, ఏ యొక్క సంస్థకును చెందని బహిరంగ పద్ధతిలో భద్రపరచుచున్నారా? ప్రజాధనముతో వ్రాయించిన కోడు ప్రజలదియా, గుత్తేదారుదియా? మన పాఠశాలలలో పిల్లలకు యంత్రమును వాడుటయే నేర్పుచున్నారా, విప్పి చూచుటయు నేర్పుచున్నారా?

తాళ్లపాకవారు రాగిపై వ్రాయించునప్పుడు, చదువబోవువాడెవరో యెరుగరు. ఎరుగనివానికై వ్రాసిరి గనుకనే యందరు చదువగల లిపిలో వ్రాయించిరి. నేడు గ్రామ సచివాలయమున కూర్చుండి మన పొలముల లెక్క వ్రాయు గుమాస్తాకును, ఆ లెక్కకు సాఫ్టువేరు నెన్నుకొను కలెక్టరునకును ఆ పాటి దూరదృష్టి యుండవలయునని కోరుట యత్యాశ కాదని మా నమ్మకము.