ఆరువేల అంకెల సంఖ్య

పండక్కి పన్నెండు అరిసెలు చేశామనుకోండి. పళ్ళెంలో మూడేసి చొప్పున నాలుగు వరసలు పెట్టుకోవచ్చు, ఆరేసి చొప్పున రెండు వరసలూ పెట్టుకోవచ్చు. అదే పదమూడయితే, ఎన్నేసి చొప్పున సర్దినా ఆఖరి వరస నిండదు. ఇలా ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని దాన్ని ప్రధాన సంఖ్య అంటారు. ఇది మన పిల్లల లెక్కల పుస్తకంలో ఉన్నదే. పదమూడు సంగతి నోటితో చెప్పేస్తాం. మరి 6,533 అంకెలున్న సంఖ్య మాటేమిటి?

1978లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని హేవర్డ్ అనే ఊళ్ళో, ఇద్దరు పద్ధెనిమిదేళ్ళ పిల్లలు అలాంటి సంఖ్యను తేల్చారు. ఒకరు లారా నికెల్ అనే అమ్మాయి, రెండోవారు లాండన్ నోల్ అనే అబ్బాయి. 21,701 రెళ్ళను వరసగా వేసి గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేదే ఆ సంఖ్య. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకీ అదే పెద్దది.

ఇలా రెళ్ళను గుణించి ఒకటి తీసేసే సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలని పేరు. మెర్సెన్ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి. ఇవన్నీ ప్రధానాలు కావు సుమండీ! పదకొండు రెళ్ళతో 2,047 వస్తుంది. చూడటానికి విడదీయరానిదిలాగే ఉంటుంది గానీ, ఇరవైమూణ్ణి ఎనభైతొమ్మిదితో హెచ్చవేస్తే వచ్చేది అదే.

మరి చిన్న సంఖ్యలన్నిటితోనూ భాగించి చూస్తూ కూర్చుంటే ఎన్ని జన్మలయినా చాలవు. అందుకు లూకాస్ అనే ఫ్రెంచి పండితుడు పంతొమ్మిదో శతాబ్దంలో ఒక పరీక్ష కనిపెట్టాడు. తర్వాత లేమర్ అనే అమెరికన్ దాన్ని సానపెట్టాడు. ఆ లేమరుగారి దగ్గరే ఈ పిల్లలిద్దరూ సంఖ్యాశాస్త్రం నేర్చుకున్నారు. చాకలిపద్దు వెనకాల మనమూ చేసి చూడవచ్చు. అయిదు రెళ్ళతో వచ్చే 31 తీసుకోండి. నాలుగుతో మొదలుపెట్టండి. నాలుగునాళ్ళు పదహారు, రెండు తీస్తే 14. పద్నాలుగుని పద్నాలుగుతో హెచ్చవేసి రెండు తీస్తే 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు, రెండు తీస్తే 62. 31తో భాగిస్తే శేషం సున్న. సున్న వచ్చిందంటే 31 ప్రధానమే. రెళ్ళెన్నో దానికి రెండు తక్కువగా ఇన్నిసార్లు చేయాలి. ఇక్కడ మూడుసార్లతో సరిపోయింది.

లారా వాళ్ళకి 21,699 సార్లు! ప్రతిసారీ వేల అంకెల గుణకారం. మధ్యలో ఒక్క అంకె తప్పితే అంతా వృథా. విశ్వవిద్యాలయం వారి పెద్ద కంప్యూటరు మీద చేశారనుకోండి, అయినా దానికేం చెయ్యాలో విడమరిచి రాసిపెట్టింది వీళ్ళేగా.

దీనివల్ల ఏమిటి లాభం అని అడుగుతారేమో. బాంకు లెక్కల రహస్యాలకు వాడేవి ఇంతకంటే చాలా చిన్న ప్రధానాలు. ఇది వాటి కోసం చేసిన పని కాదు. నాకైతే ఆ అమ్మాయి ఓపికే ముచ్చటగా ఉంది.

మరుసటి ఏడు, 1979లో, నోల్ ఒక్కడే ఇంకా పెద్దది కనిపెట్టాడు. 2024లో దొరికిన దానికి నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలు. దాన్ని కూడా చివరికి రూఢి చేసింది నాలుగుతో మొదలయ్యే ఈ పరీక్షతోనే.