ఉక్కునకు వార్ధక్యము

మన యిండ్లలో అన్నము వండు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె ముసలిదగుట యెవరును చూచియుండరు. లోపల నీరున్నంత వఱకు దాని వేడిమి 100 డిగ్రీలకు మించి అట్టే పోదు గదా! కాని నూనెశుద్ధి కర్మాగారములలోని కొలిమి గొట్టముల బ్రతుకు వేఱు. అవి పగలనక రేయనక 600 డిగ్రీలును, కొన్నియెడల అంతకు మించిన వేడిమిని ఏండ్ల తరబడి సహింపవలెను.

1913లో ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున హారీ బ్రేర్లీ యను నాతడు ఇనుములో నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియము కలిపి తుప్పుపట్టని ఉక్కును సిద్ధపరచెను. క్రోమియము గాలిలోని ఆమ్లజనితో గూడి లోహముపై కంటికగపడని పొర యగును. అదియే దానికి కవచము. వేడిమికి నిలుచు జాతులలో క్రోమియము 25, నికెలు 20 పాళ్ల వఱకు నుండును.

దాదాపు 1400 డిగ్రీలకు గాని కరగని లోహము 700 డిగ్రీలకేల జంకవలె నని విద్యార్థి యడుగవచ్చును. కరగుట వేఱు, మారుట వేఱు. లోహము పైకి నునుపుగా కనబడినను లోపల చిన్న చిన్న స్ఫటికముల కూర్పు. గోడలోని రాళ్లవలె అవి యొకదానినొకటి అంటియుండును. 450 మొదలు 850 డిగ్రీల నడుమ కర్బనము ఆ రాళ్ల సందులకు చేరి, అచ్చటి క్రోమియమును పట్టి, కార్బైడు అను గట్టి పదార్థమగును. అంతట సందుల ప్రక్కల క్రోమియము తఱిగి కవచము సడలును. ఆమ్లములు ఆ దారినే లోహమును తినివేయును. కర్బనమును 0.03 పాళ్లకు తగ్గించినచో ఈ బాధ చాలవఱకు తప్పును. అయితే కర్బనము తక్కువైన ఉక్కు మిక్కిలి వేడిలో బలము చాలనిది. ఒక రోగమునకు మందు మఱియొక రోగమునకు అపథ్యమైనది!

ఇంతకంటె కపటమైనది సిగ్మా. 600 మొదలు 900 డిగ్రీల ప్రాంతమున వేలకొలది గంటలు గడువగా ఇనుమును క్రోమియమును ఇంచుమించు సమపాళ్లలో గూడి ఈ క్రొత్త స్ఫటికము నేర్పరచును. ఇది మిగుల గట్టిది, మిగుల పెళుసు. కొలిమి మండుచున్నంత కాలము గొట్టము నిబ్బరముగా పనిచేయును. మరమ్మతుకై చల్లార్చిన పిమ్మట, అపాయము తొలగెనని పనివారు దగ్గఱకు వచ్చిన వేళ, ఒక్క సుత్తిదెబ్బకు పగులవచ్చును. 1050 డిగ్రీల వఱకు మరల కాచి త్వరగా చల్లార్చినచో సిగ్మా లోహములో లీనమగును. కాని బిగించిన గొట్టముల నన్నిటిని ఊడదీసి కాచుట సులభమా?

ఇక మూడవది సాగుట. దీనిని క్రీప్ అందురు. వేడిలో భారము మోయు లోహము ఏటికి వెండ్రుకవాసిగా సాగుచు, సందులలో సూక్ష్మరంధ్రములను పుట్టించును. అవి కలిసి పగులగును. సాధారణముగా 1,00,000 గంటలు, అనగా 11 ఏండ్లకు పైగా నిలుచునట్లు గొట్టముల కొలతలు నిర్ణయింతురు. అంతకాలము కాచుకొనియుండ లేక, హెచ్చు వేడిమిలో కొద్దికాలము పరీక్షించి మిగిలినది లెక్కగట్టుదురు. లెక్క లెక్కయే. కావున కొలిమి ఆర్పినపుడెల్ల గొట్టమును ఒకచోట అద్దమువలె మెఱుగుపెట్టి, ఆమ్లము పూసి, పలుచని ఫిల్ము నద్ది, ఆ యచ్చును సూక్ష్మదర్శినిలో చూతురు. రంధ్రములు వరుసగట్టి యొకదానితో నొకటి కలియ నారంభించినచో, పైకెంత నిగనిగలాడుచున్నను ఆ గొట్టమును తీసివేయుదురు.