గ్రాంటు వస్తుంది కదా, మన చందా ఎందుకు?

చందా పుస్తకం పట్టుకుని వెళ్తే ఈ మధ్య ఒక మాట వినిపిస్తోంది. "చెరువులకు, చెట్లకు సర్కారు డబ్బులిస్తోంది, కంపెనీలూ ఇస్తున్నాయి. ఇంకా మమ్మల్ని అడుగుతారేం సార్?" న్యాయమైన ప్రశ్నే. గ్రాంటు దేనికి వస్తుందో, దేనికి రాదో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ మనందరికీ గుర్తుంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టారు. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది. ఆ ఒండ్రుమట్టిని చేనుకు తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టరు కిరాయి పెట్టుకోలేని చోట మట్టి గట్టు మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది. వాన పడితే మళ్లీ చెరువులోకే!

అదే ఏడాది హరితహారం వచ్చింది. నేను పనిచేసిన ఒక బడికి మొక్కలు ఉచితంగా వచ్చాయి. పిల్లలు సంబరంగా నాటారు, ఫొటోలు దిగాం. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవారు లేరు. మన ఖేడ్ ఎండలు తెలిసినవే కదా. జూన్‌లో బడి తెరిచేసరికి ఎండుపుల్లలు మిగిలాయి. ఆ రెండు నెలలు ఒక మనిషికి కూలి ఇవ్వాలని మాకెవరికీ తట్టలేదు. నాతో సహా.

ఇక కంపెనీల సంగతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర ఆస్తో ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. పర్యావరణం ఆ పనుల్లో ఒకటి. అయితే మనలాంటి సొసైటీ ఆ డబ్బు అందుకోవాలంటే 12ఏ, 80జి రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా తప్పనిసరి. ఏటా ఆడిట్ ఉండనే ఉంది. ఇవన్నీ గ్రాంటు చేతికి రాకముందే పెట్టవలసిన ఖర్చులు.

80జి విషయంలో ఒక షరతు మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఒక్క మతం వారి మేలు కోసమే పెట్టిన సంస్థకు ఆ రాయితీ వర్తించదు. బావి బాగుచేస్తే ఆ నీళ్లు వాడలో అందరివీ కావాలి. ఇది మనకు కొత్తేమీ కాదు. మదీనాలో నీళ్లు అమ్ముకుంటున్న రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని జనానికి వక్ఫ్ చేసిన సంగతి మన పిల్లలకూ తెలుసు.

మసీదు లోపలి పనులు వేరు. ఎంపీ నిధులతో ప్రార్థనా స్థలాల లోపల పనులు చేయడానికి వీల్లేదు. రోజుకు ఐదుసార్లు వుజూ చేసిన నీళ్లు మోరీలో పోకుండా ఇంకుడుగుంతకో, చెట్లకో మళ్లించాలంటే అది మన చందాతోనే జరగాలి.

జకాత్ డబ్బు మాత్రం వీటికి ఇవ్వకండి. దాని హక్కుదారులు వేరు. సదఖా, లిల్లాహ్ కింద ఇవ్వండి. పాత పన్ను విధానంలో ఉన్నవారు 80జి మినహాయింపు కావాలంటే 2 వేలకు మించిన మొత్తాన్ని నగదుగా కాక చెక్కు ద్వారానో, బ్యాంకు ద్వారానో పంపాలి. రసీదు మీద "నిర్వహణకు" అని రాయించండి. వచ్చే వేసవిలో ట్యాంకరుకు, నీళ్లు పోసే మనిషి కూలికి ఆ డబ్బే ఆధారం.